తువ్వాలు కింది చెయ్యి

ఆళ్లగడ్డలో ఓబుళమ్మ గురించి ఒక మాట ఎనిమిదేళ్లు నడిచింది. నంద్యాలలో విత్తనాల సావుకారు నారాయణ చెయ్యి పట్టుకుని, అదీ తువ్వాలు కప్పుకుని మరీ పట్టుకుని, ఆమె ఉద్యోగం సంపాదించిందని. మాట పుట్టిన రోజున అందులో ఒక్క తువ్వాలే ఉండేది. కొళాయి దగ్గరికి వచ్చేసరికి దానికి మల్లెపూలు కలిశాయి. పిండిమర దగ్గరికి వచ్చేసరికి కొత్త చీర కలిసింది. తువ్వాలు నిజం. చెయ్యి పట్టుకున్నదీ నిజమే. ఆ చెయ్యి ఎవరిదన్నదే అబద్ధం. ఆ ఒక్కటీ సరిదిద్దాలంటే కథ ఎద్దుల సంత దగ్గర మొదలుపెట్టాలి.

ఓబుళమ్మ దళారి కొండయ్య కూతురు. ఆ రోజుల్లో ఆళ్లగడ్డ సంతలో కొండయ్య లేనిదే మంచి జత ఎద్దులు చేతులు మారేవి కావు. ఎద్దుల బేరం నోటితో జరగదు. నోటితో జరిగితే చుట్టూ నిలబడ్డ వాళ్లంతా వింటారు, పక్క బేరం చెడుతుంది. అందుకని దళారి తన భుజం మీది తువ్వాలు తీసి రెండు చేతుల మీదా కప్పుతాడు. వందలా, పదులా అన్నది మాత్రం ముందు పైకి అనుకుంటారు. ఆ తర్వాత అంతా వేళ్లే. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, రెండు పట్టుకుంటే రెండు, అయిదూ కలిపి పట్టుకుంటే అయిదు. వేలు సగానికి మడిస్తే అర. కుదిరితే చెయ్యి తీసేస్తారు, అంతే, బేరం తెగినట్టు. ఎంతకు తెగిందో ఆ చేతులు పెట్టిన వాళ్లకు తప్ప ఇంకొకరికి తెలియదు. తెలిసినా పైకి చెప్పకూడదు. అది సంత మర్యాద.

కానీ తెలిసిన మనిషి ఒకతె ఉండేది. పదేళ్ల ఓబుళమ్మ నాయనకు సద్ది తీసుకుపోయి, బేరం ముగిసేదాకా గడ్డిమోపు మీద కూర్చునేది. కొండయ్యకు చూపు మందగిస్తున్న కాలం అది. పక్క దళారులు ఎంతకు తెంపుతున్నారో తెలుసుకోవడానికి ఆయన కూతురి కళ్లు వాడుకున్నాడు.

"టవాలు చూడొద్దు మే. టవాలు మీద ఏముంటాది? మోచెయ్యి చూడు. ఒక్క వేలు పట్టుకునేటోని మోచెయ్యి కదలదు. రెండు పడితే కొంచెం లోపలికి తిరుగుతాది, మూడు పడితే బాగా తిరుగుతాది. సగం మడిస్తే భుజం ఎగురుతాది."

"నాయనా, ఆ మీసాలాయన రెండున్నర అనె."

"మెల్లగా అను తల్లీ, ఊరంతా వింటాంది."

ఇంకొకటి కూడా నేర్పాడు. రేటు వినేటప్పుడు ముఖం ఎద్దు ముఖంలా పెట్టుకోవాలని. తన రేటు విని ఏ ఎద్దయినా నవ్విందా, ఏడ్చిందా?

ఆ పిల్ల పెరిగింది, సుబ్బయ్యను చేసుకుంది, ఇద్దరు ఆడపిల్లలను కన్నది. సుబ్బయ్య బేతంచెర్ల నుంచి నాపరాళ్లు తోలే లారీకి డ్రైవరు. డెబ్బై తొమ్మిది ఎండాకాలంలో రాళ్లు దించుతుంటే ఒక బండ జారి ఎడమ పాదం మీద పడింది. పాదం దక్కింది గానీ క్లచ్చి తొక్కే బలం పోయింది. లారీ యజమాని ఒక నెల జీతం చేతిలో పెట్టి "నయమయినాక రా" అన్నాడు. నయం కాదని ఇద్దరికీ తెలుసు. ఇంట్లో కుంటుతున్న మొగుడు, చూపు పోయిన నాయన, బడికి పోయే పిల్లలు. సంపాదించే చేతులు ఇక ఓబుళమ్మవి మాత్రమే.

ఆ చేతుల్లో పని ఉంది. నాలుగేళ్లుగా ఆమె శిరివెళ్ల చేలల్లో హైబ్రిడ్ పత్తి విత్తనం పనికి కూలికి పోతోంది. చెప్పడానికి చిన్న పని, చెయ్యడానికి కాదు. సాయంత్రం ఆడ చెట్టు మొగ్గను గోటితో ఒలిచి, లోపలి పుప్పొడి కాడలు తీసేసి, గుర్తుకు ఎర్ర కాగితం తొడగాలి. మర్నాడు పొద్దున మగ చెట్టు పువ్వు తెచ్చి దానికి రాయాలి. ఒక్క మొగ్గ మరిచిపోతే అది కాగితం లేకుండా తెల్లగా విచ్చుకుని, తనకు తానే కాయ కట్టి, మంచి విత్తనంలో కల్తీ అయి కూర్చుంటుంది. కూలీలు దానికి దొంగ పువ్వని పేరు పెట్టారు. ఓబుళమ్మ నడుస్తూ నడుస్తూ మూడు సాళ్ల అవతలి దొంగ పువ్వును పట్టేది.

కూలి రోజుకు మూడు రూపాయలు. కానీ అది మొగ్గల కాలం రెండు మూడు నెలలే. ఏడాది పొడుగునా ఇల్లు నడవాలంటే నెల జీతం కావాలి. నంద్యాలలో విత్తనాల కంపెనీలు కూలీలను చూసుకోవడానికి మేస్త్రీలను పెట్టుకునేవి, నెలకు నూట డెబ్బై అయిదు. ఒక్కరూ ఆడవాళ్లు లేరు. గట్టు మీద గొడుగు వేసుకుని నిలబడే మగవాళ్లే. ఆ గొడుగుల కన్నా తన కళ్లు మేలని ఓబుళమ్మకు తెలుసు. ఉతికిన చీర కట్టుకుని నంద్యాల బస్సెక్కింది.

మొదటి కంపెనీలో మేనేజరు కళ్లజోడు తుడుచుకుంటూ "డెబ్బై అయిదు" అన్నాడు.

"మేస్త్రీలకు నూట డెబ్బై అయిదంట కదా సార్?"

"వాళ్లు మొగోళ్లమ్మా. వాళ్లకు సంసారాలు ఉండాయి."

"నాకుండేది ఏంది సార్, సర్కసా?"

"నీకు మొగుడున్నాడు కదా."

"ఉన్నాడు, మంచం మీద. ఆయప్పకు కూడా నేనే అన్నం పెడతాండా."

మేనేజరు కళ్లజోడు పెట్టుకుని కాగితాలు చూసుకోవడం మొదలుపెట్టాడు. ఇక పొమ్మని అర్థం.

రెండో కంపెనీలో తొంభై అన్నారు, దసరాకు ఒక చీర అన్నారు.

"తొంభై కూలికి పోయినా వస్తాది సార్."

"కూలి వేరు, ఉద్యోగం వేరమ్మా. నీకు కుర్చీ ఇస్తాం."

"పత్తిచేనులో కుర్చీ యాడ ఏసుకునేది?"

అక్కడున్న గుమాస్తాలు నవ్వారు. నవ్వు దొరికింది గానీ జీతం దొరకలేదు.

ఆళ్లగడ్డలో అప్పటికే వీధికి తెలిసిపోయింది. కొళాయి దగ్గర భారతమ్మ బిందె తిప్పుతూ అడిగింది. ఎదురింటి మనిషి, ఎవరింట్లో ఏం ఉడుకుతుందో వాసనతో చెప్పగలదు.

"ఏం మే ఓబుళా, తొంభై ఇస్తామంటే వద్దంటివంట. కలెక్టరు ఉద్యోగమైతే చేస్తావా?"

"ఇస్తే చేస్తానక్కా. నువ్వు బంట్రోతుగా వస్తావా?"

బదులు గట్టిగానే ఇచ్చింది గానీ ఇంటికి వచ్చి బిందె దించి గోడకు ఆనుకుని కూర్చుంది. సుబ్బయ్య మంచం మీద నుంచే అన్నాడు, "పోనీ తొంభయ్యే చెయ్యి. బియ్యం డబ్బా అడుగు కనపడతాంది."

"నాకూ కనపడతాంది. కానీ ఒకసారి తొంభై అని ఒప్పుకుంటే ఇంక జన్మంతా నేను తొంభై మనిషినే. ఇంకొక్క కంపెనీ చూస్తా. ఆడ కూడా ఇట్లనే అంటే, సోమవారం పోయి ఆ కుర్చీలోనే కూచుంటా."

అరుగు మీద కూర్చున్న కొండయ్య ఇదంతా వింటున్నాడు. కళ్లు పోయాక ఆయన చెవులు రెండింతలయ్యాయి.

"రేటు చెప్పినప్పుడు ముఖం ఎట్ల పెట్టినావ్?"

"కోపంగా పెడ్తి నాయనా."

"అదొక తప్పు. చేతిలో ఏం పట్టుకపోయినావ్?"

"ఏం పట్టుకపోతా? ఉద్యోగం అడిగేదానికి పోతి."

"ఎద్దును ఇంట్లో కట్టేసి సంతకు పోయి రేటు అడుగుతాండావే! సరుకు చూపీకుండా ఎవడిస్తాడు మే?"

ఓబుళమ్మ మర్నాడు పొద్దున మొదటి బస్సుకే పోయింది. నేరుగా నంద్యాల దాకా పోలేదు. శిరివెళ్ల దాటాక రోడ్డు పక్కనే మూడో కంపెనీ వాళ్ల విత్తనం చేను ఉంది. సావుకారు నారాయణది. ఆ చేనులో మొగ్గల పని నాలుగు రోజుల కిందటే మొదలైంది. పూలు రాస్తున్న కూలీలలో లూదియా ఉంది, నాలుగేళ్లుగా ఓబుళమ్మ పక్క సాళ్లలో పని చేసిన మనిషి.

"మేస్త్రీ యాడ లూదియా?"

"ఆ గట్టు మీద బీడీ తాగతాండాడు చూడక్కా. ఏం పని?"

"రెండు సాళ్లు నడిచిపోతా, ఏమనుకోవద్దు."

రెండు సాళ్లు నడిచింది. కాగితం లేకుండా విచ్చుకున్న పువ్వు కనపడితే తెంపి కొంగులో వేసుకుంది. గట్టు మీది గొడుగు ఒక్కసారి కూడా ఇటు తిరగలేదు.

ఆ పూలతోనే తర్వాతి బస్సెక్కి నంద్యాల చేరింది. నారాయణ అంగడి ముందు భాగంలో విత్తనాల కంపెనీ. వెనక వాళ్ల తాతల నాటి పత్తి మండీ గది. ముందు గదికీ దానికీ మధ్య తలుపు. ఆ తలుపు వెనక నులకమంచం మీద నారాయణ తల్లి శివమ్మ కూర్చుని ఉంటుంది. బయటి నుంచి చూసేవాళ్లకు తలుపే కనపడుతుంది, శివమ్మ కనపడదు. ఆమెకు మాత్రం అంగడి అంతా వినపడుతుంది. మొగుడు పోయాక పదిహేనేళ్లు ఆ మండీ నడిపింది ఆమే.

ఓబుళమ్మ పోయి ఏమీ అడగలేదు. కొంగు విప్పి పూలు నారాయణ బల్ల మీద పోసింది.

"ఏందమ్మా ఇవి? పూజకా?"

"మీ శిరివెళ్ల చేనులో పొద్దున ఏరినవప్పా. కాగితం లేని పూలు. రెండు సాళ్లకు ముప్పై ఏడు. మీ మేస్త్రీ కంటికి ఒక్కటీ కనపడలేదు. చేనులో ఎన్ని సాళ్లు ఉండాయో మీకు తెలుసు."

నారాయణ ఒక పువ్వు తీసి చూశాడు. ఇంకొకటి తీశాడు. అన్నిటిలోనూ పుప్పొడి అలాగే ఉంది. తలుపు వెనక నుంచి మాట వచ్చింది.

"పోయినేడు విత్తనం కల్తీ అని రైతులు యాల ఎనక్కి ఇచ్చినారో ఇప్పుడు తెలిసెనా నాయనా?"

"ఉండమ్మా," అని నారాయణ ఓబుళమ్మ వైపు తిరిగాడు. "నువ్వేం చేస్తావ్ ఇప్పుడు?"

"మేస్త్రీ పని చేస్తా. గట్టు మీద కాదు, సాళ్లలో. మీ చేనులో దొంగ పువ్వు నిలవకుండా చూస్తా. జీతం ఎంతిస్తారో చెప్పండి."

బయటి మనుషుల ముందు రేటు మాట్లాడుకోకూడదన్నది మండీ నాటి నుంచి ఆ ఇంటి అలవాటు. నారాయణ తలుపు దగ్గరికి పోయి, భుజం మీది తువ్వాలు తీసి, తన చేతి మీదా తల్లి చేతి మీదా కప్పాడు. "వందల్లో," అన్నాడు పైకి. మేస్త్రీ పనికి వచ్చిన ఆడమనిషి ముందు ఇంకేం దాచాలని? ఆమెకు ఎద్దుల బేరం ఏం తెలుసు?

అదే ఆయన చేసిన తప్పు. పక్కకు వచ్చి నిలబడిన ఓబుళమ్మ తువ్వాలు చూడలేదు, మోచేతులు చూసింది. నారాయణ మోచెయ్యి కదల్లేదు. ఒకటి. అవ్వ మోచెయ్యి కొంచెం లోపలికి తిరిగి భుజం ఎగిరింది. రెండున్నర. నారాయణ తల అడ్డంగా ఊపి మళ్లీ పట్టాడు, ఈసారి ఆయన భుజం కొంచెం ఎగిరింది. ఒకటిన్నర. అవ్వ చెయ్యి ఉన్నచోటే ఉంది.

ఓబుళమ్మ లెక్క చూసుకుంది. తొంభై కాదు. మేస్త్రీల నూట డెబ్బై అయిదూ కాదు. ఆ మంచం మీది ముసలమ్మకు తన విలువ తెలుసు! నవ్వు పెదవుల దాకా వచ్చింది గానీ నాయన మాట గుర్తొచ్చి ఎద్దు ముఖం పెట్టుకుంది.

నారాయణ తువ్వాలు దులిపి భుజాన వేసుకుని బల్ల దగ్గరికి వచ్చాడు. "నూట పది ఇస్తామమ్మా. అదీ మా అమ్మ చెప్పింది కాబట్టి."

"అవ్వ అట్ల చెప్పలేదు కదప్పా."

"ఏమంటివి?"

"మీరు ఒకటి అంటిరి. అవ్వ రెండున్నర అనె. మీరు ఒకటిన్నరకు వస్తిరి, అవ్వ చెయ్యి కదలకపాయ. ఈ నూట పది యాడ పుట్టిందో నాకు తెలీదు."

తలుపు వెనక మొదట దగ్గు వినిపించింది. తర్వాత తెలిసింది అది దగ్గు కాదని. శివమ్మ కళ్లనీళ్లు వచ్చేటట్టు నవ్వుతోంది.

"ఎవరి కూతురివి మే నువ్వు?"

"ఆళ్లగడ్డ కొండయ్య కూతుర్నవ్వా."

"ఎద్దుల కొండయ్యనా! మా ఆయన ఉన్న కాలంలో మా తెల్ల జతకు ఆయప్పే బేరం తెంపె. మా ఆయన మూడు రోజులు తిట్టుకునె, అంత పెట్టిచ్చినాడని. రా, ఇట్ల కూచో. మొగోనితో నీకేం బేరం? నాతో తెంపుకో."

శివమ్మ కొడుకు భుజం మీది తువ్వాలు లాక్కుంది. ఓబుళమ్మ తలుపు పక్కన చతికిలబడి చెయ్యి ముందుకు చాచింది. ముసలి చెయ్యి, ఎముకలు తగులుతున్నాయి గానీ పట్టు మాత్రం గట్టిది. ఎంత కనికరమున్నా బేరం బేరమే. కొడుకుతో రెండున్నర అన్న అవ్వ ఓబుళమ్మతో మళ్లీ రెండు నుంచి మొదలుపెట్టింది. ఓబుళమ్మ మూడు వేళ్లు పట్టుకుంది. అవ్వ కళ్లు చికిలించింది. ఇంకో రెండుసార్లు వేళ్లు కదిలాయి. ఓబుళమ్మ చెయ్యి తీసేసింది.

అంతకు ఒక్క క్షణం ముందే, ఆమె చెయ్యి ఇంకా తువ్వాలు కింద ఉండగానే, ఎదురు హోటలాయన టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. ఆయనకు కనపడింది ఏమిటంటే, కింద కూర్చుని తువ్వాలు కిందికి చెయ్యి చాచిన ఆళ్లగడ్డ ఆడమనిషి, తలుపుకు ఆనుకుని తల వంచుకుని నిలబడ్డ సావుకారు. శివమ్మ ఆయనకు కనపడలేదు. ఆయన టీ గ్లాసులు పెట్టి చాలా తొందరగా వెళ్లిపోయాడు.

"ఒక మాట మే," అంది శివమ్మ. "టవాలు కింద తెగింది టవాలు కిందనే ఉండాల. నువ్వు ఎంతకు కుదిరినావో తెలిస్తే రేపు పొద్దున్నే నా మేస్త్రీలంతా ఈ గడప మీద కూచుంటారు. నేను బతికుండగా నీ నోట రాకూడదు."

"కొండయ్య కూతుర్నవ్వా. రాదు."

ఆ మాట ఇచ్చినప్పుడు దాని బరువు ఆమెకు తెలియదు. ఆమె సాయంత్రం బస్సులో ఆళ్లగడ్డ చేరేసరికి, మధ్యాహ్నం బస్సులోనే ఆ పుకారు చేరిపోయింది. సుబ్బయ్య గోడ పట్టుకుని గడపలో నిలబడి ఉన్నాడు.

"ఏందీ, సావుకారి చెయ్యి పట్టుకున్నావంట?"

"సావుకారి అమ్మ చెయ్యి పట్టుకుంటి. టవాలు బేరం."

సుబ్బయ్య పకపకా నవ్వాడు. బండ పడిన తర్వాత ఆయన అలా నవ్వడం అదే మొదలు. అరుగు మీద కొండయ్య తొడ చరిచాడు. "ఎంతకు తెగె?" అని ఇద్దరూ ఒక్కసారే అడిగారు.

"చెప్పకూడదు. నెలకు దుడ్లు తెచ్చి చేతిలో పెడతా, అప్పుడు చూసుకోండి. మీరూ బయట అనకూడదు."

ఇంట్లో వాళ్లకు అంతే చాలు. వీధికి అది కూడా చెప్పడానికి లేదు. అవ్వ చెయ్యి అంటే బేరం అని తెలిసిపోతుంది, బేరం అంటే ఎంతకు అని అడుగుతారు, ఎంతకు అని అడిగితే ఈ వీధి జవాబు రానిదే వదలదు. అందుకని ఓబుళమ్మ పెదవి విప్పలేదు. కొళాయి దగ్గర మాటలు ఆగిపోయినప్పుడల్లా తన గురించేనని తెలిసినా, ఎద్దు ముఖం పెట్టుకుని బిందె నింపుకుని వచ్చేది.

ఆ ఏడు నారాయణ చేనులో గొడుగు లేదు. ఓబుళమ్మ తెల్లారేసరికి సాళ్లలో ఉండేది. ఏరిన దొంగ పూలను పది గంటలకు గట్టు మీద కుప్ప పోసేది, అందరూ చూసేటట్టు. మొదటి వారం కుప్ప బుట్టెడు. నెల తిరిగేసరికి దోసెడు. ఆ తర్వాత పోయడానికి ఏమీ మిగల్లేదు. ఆ సంవత్సరం విత్తనం ఒక్క సంచి వెనక్కి రాలేదు. నారాయణ ఆ మరుసటి సంవత్సరం ఇంకో రెండు చేలు ఆమెకు అప్పజెప్పాడు. ఇక పేచీ పెట్టలేదు, తల్లి నవ్వుతూ నూట పది మాట ఎత్తితే ఉరిమి చూసేవాడు.

ఎనభై ఒకటిలో ఆళ్లగడ్డ వీధిలోకి ఒక జీపు వచ్చింది. దిగింది రెండో కంపెనీ మనిషి, తొంభై అన్న మనిషి. మా దగ్గరికి వస్తే రెండు వందలు ఇస్తామన్నాడు. వీధి వీధంతా గడపల్లోకి వచ్చి నిలబడింది.

"కుర్చీ కూడా ఇస్తారా సార్?" అని అడిగింది ఓబుళమ్మ.

"ఇస్తామమ్మా, తప్పకుండా."

"అయితే ఆ కుర్చీలో మీరే కూచోండి సార్, ఎండలో వచ్చినారు, అలిసినట్టుండారు. మజ్జిగ ఇస్తా. నేను మాత్రం రాను."

ఆయన మజ్జిగ తాగి వెళ్లిపోయాడు. రెండు వందలు కూడా వద్దందంటే ఆమెకు వచ్చేది ఎంత అని వీధి ఆ రోజంతా వేళ్లు మడిచింది. మల్లెపూల కథ మొదటిసారి కొంచెం నీరసపడింది.

ఆ తర్వాత ఓబుళమ్మ లూదియాను మేస్త్రీని చేసింది. లూదియా తర్వాత ఇంకా ఏడుగురు ఆడవాళ్లు వచ్చారు. వాళ్లలో ఒక్కరు కూడా మగ మేస్త్రీ కన్నా రూపాయి తక్కువకు చేరలేదు. పిల్లలు చదువుకున్నారు. సుబ్బయ్య కంపెనీ గోదాములో కూర్చుని చేసే పని సంపాదించుకున్నాడు. ఎనభై ఏడులో శివమ్మ పోయింది. ఓబుళమ్మ నంద్యాల వెళ్లి పది రోజులూ ఉండి వచ్చింది.

వచ్చిన మర్నాడు కొళాయి దగ్గర నీళ్లు సన్నగా వస్తున్నాయి. భారతమ్మ బిందె పక్కన పెట్టి, కొంగు బిగించి, ఎదురుగా వచ్చి నిలబడింది. ఎనిమిదేళ్లలో ఆ వీధి అందరినీ అడిగింది గానీ ఓబుళమ్మను అడగలేదు.

"ఓబుళా, నా కడుపు ఉబ్బి పోతాంది మే. ఇంక నా వల్ల కాదు. ఆ పొద్దు ఎవరి చెయ్యి పట్టుకుంటివి? ఎంతకు తెగె? నిజం చెప్పు."

ఓబుళమ్మ తన బిందె కొళాయి కింద పెట్టింది. ఇప్పుడు ఎద్దు ముఖం అవసరం లేదు. నవ్వింది.

"శివమ్మవ్వ చెయ్యి అక్కా. రెండొందల యాభైకి తెగె. ఆమె ఉన్నన్నాళ్లు చెప్పనని మాటిస్తి, అందుకే మీరు ఎన్ని పూలు పెట్టినా ఊరకుంటి. పోయేముందర నన్ను పిలిపిచ్చుకొని ఏమనిందో తెలుసునా? 'నేను మూడొందలకు వస్తాంటి మే, నువ్వే తొందరపడి చెయ్యి తీసేస్తివి' అనె! ఇంక నా కాడికి పనికొచ్చే ప్రతి ఆడమనిషికీ ముందర అదే చెప్తా, తొందరపడి చెయ్యి తీయొద్దండి అని. మీ కోడలు సోమవారం వస్తానందంట కదా, ఆ పిల్లకు కూడా నువ్వే చెప్పి పంపక్కా."